గంజి గుడారం

మా తమ్ముడు వెంకటనర్సు నల్లమల అంచున ఒక ఎలుగుబంటిని ఒట్టి చేతులతో తరిమాడని చండూరులో మీరెవరైనా విని ఉంటే, ఆ మాట విన్నచోటనే వదిలేయండి. హోటల్ దగ్గర వాడు ఒక చాయ్ తాగితే ఎలుగుబంటి ఒకటే. రెండో చాయ్‌కి దానికి పిల్లలు కూడా పుడుతున్నాయి. ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను. దాని పేరు రాణి. అది ఎలుగుబంటి కాదు. మిగతాది కూడా చెబుతాను, వినండి. ఆరు నెలలుగా కడుపులో మండుతోంది.

మా అమ్మాయి సంధ్యను అచ్చంపేటలో ఇచ్చాం. కాన్పుకు మా ఇంటికి తీసుకురావాల్సింది కానీ, ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెప్పడంతో అక్కడే ఉండిపోయింది. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు పొద్దున తొమ్మిదింటికి తొట్టెల, అంటే పిల్లను ఉయ్యాలలో వేసే వేడుక, అన్నారు.

మా నేత ఇండ్లల్లో తొట్టెలకు కట్టే బట్ట అంగట్లో కొనరు. పిల్ల తల్లి పుట్టింటి మగ్గం మీద నేసి తేవాలి. తెచ్చిన మనిషే దాన్ని తొట్టెలకు కట్టి, పిల్లను మొదటిసారి అందులో పడుకోబెట్టాలి.

ఆ బట్ట నేను నేశాను. మా ఆయన పోయి ఏడేళ్లయింది. ఆయన కూర్చున్న మగ్గం గుంటలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. పిల్ల పుట్టిందని ఫోన్ వచ్చిన రోజే మొదలుపెట్టాను. నేయాలంటే నూలుకు గంజి పెట్టక తప్పదు. కానీ పసిదాని ఒంటికి గుచ్చుకుంటుందని, నేసినాక ఏడుసార్లు ఉతికి ఆ గంజి చుక్క లేకుండా పోగొట్టాను. పట్టుకుంటే చేతిలో వెన్న ఉన్నట్టుండేది.

"అక్కా, నా వ్యానుల నేను తోల్కపోత. ముందురోజే పోదాం. రాత్రికి ఆడ పండుకుంటె పొద్దుగాల ఉరుకులాట ఉండది" అన్నాడు మా తమ్ముడు. తోడబుట్టినవాడు కదా అని సంతోషపడ్డాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాం. నేను, తమ్ముడు, వాని పెండ్లాం తిరుమల. దేవరకొండలో చాయ్ అని ఆపాడు. దాటినాక మిర్చీలని ఆపాడు. డిండిలో నీళ్లు చూద్దామని ఆపాడు. ఆ చెరువు నీళ్లను వాడు నలభై ఏళ్లుగా చూస్తున్నాడు. పొద్దు గూట్లో పడుతుండగా హాజీపూర్ చౌరస్తా ఇంకా రాకముందే, రోడ్డు వదిలి గుట్టల్లోకి పోయే మట్టిబాట పట్టాడు.

"ఏందయ్యా, అచ్చంపేట గిటు గాదు గదా!" అంది తిరుమల.

"ఇంజన్ వేడెక్కింది. జర సల్లారాలె."

"ఇంజన్ వేడెక్కితె దాన్ని గుట్ట ఎక్కిస్తరా?"

"పైన గాలి ఎక్కువుంటది."

గుట్ట మీద బండల మధ్య చదునైన జాగా ఒకటి కనబడగానే వ్యాను ఆపి, రెండు చేతులూ చాచి, ఊపిరి పీల్చి, అడవి మొత్తం తానే నాటినట్టు చూశాడు.

"అక్కా, నాకిప్పుడే ఒక ఆలోచన వచ్చింది. గీ రాత్రి ఈడ్నే ఉందాం! ఫోన్ల సూస్తలేవా, ఫారినోళ్లు మొగడు పెండ్లాం గుట్టల మీద గుడారం ఏసుకొని పండుకుంటరు. అప్పటికప్పుడు అనుకొని ఆగుడే మజా."

"గుడారం ఏది?" అన్నాను.

వాడు వ్యాను వెనక డోరు తీశాడు. చాప కింద నుంచి గుడారం బయటికొచ్చింది.

అప్పటికప్పుడు వచ్చిన ఆలోచన అట. దానికి గుడారం నెల ముందే నేసి పెట్టుకున్నాడు! నా మనవరాలు పుట్టకముందే వాని ఆలోచన పుట్టింది.

కొన్న గుడారం కాదు అది. నేతగాడు బట్టతో చేసిన ఇల్లును అంగట్లో కొనుక్కుంటే పరువేం కావాలి? తానే నేశాడు. అయితే వాడు ఏ పనీ చివరిదాకా ఆలోచించడు కాబట్టి గుంజలు మరిచిపోయాడు. గుంజలు లేని గుడారం నిలబడాలంటే ఏం చేయాలి? మావాళ్లకు తెలిసిన ఉపాయం ఒక్కటే. గంజి. పూతమీద పూత గంజి పెట్టాడు. మడత విప్పుతుంటే అప్పడాలు విరిగినట్టు చప్పుడైంది. నిలబెడితే నిజంగానే నిలబడింది. వేలితో కొడితే తలుపు కొట్టినట్టు టకటకమంది.

తిరుమల దాని చుట్టూ ఒకసారి తిరిగింది. గోటితో గీకింది. వాసన చూసింది.

"పోయిన నెల జొన్నపిండి డబ్బ ఖాళీ అయితె ఎలుకలు తిన్నయన్నవ్."

"ఆఁ, తిన్నయ్."

"గిదేనా గా ఎలుక?"

"నీకు కళాపోషణ తెల్వదు."

"నాకు రొట్టెలు తెలుసు. రెండు నెలల రొట్టెలు నిలబెట్టి అండ్ల పండుకోమంటున్నవ్. వానొస్తె ఏమైతది?"

"మృగశిర వచ్చి నాలుగు దినాలైంది, చుక్క పడ్డదా? ఆకాశం సూడు, అద్దమోలె ఉంది."

తర్వాత వీడియోలో చూసినట్టు రెండు కట్టెలు రుద్ది నిప్పు పుట్టిస్తానని కూర్చున్నాడు. అరగంట రుద్దినాక కట్టెలు చల్లగానే ఉన్నాయి, వాడు మాత్రం వేడెక్కాడు. తిరుమల సంచిలోంచి అగ్గిపెట్టె తీసి, వాని ముందే పుల్ల గీసి, ఏమీ అనకుండా మంట వేసింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె ఏమీ అనకుండా ఉన్నది ఆ ఒక్కసారే.

ఆకలికి వియ్యంకుల ఇంటికి తెచ్చిన సకినాల డబ్బా మీద చేయి వేశాడు. నేను ఆ చేతి మీద కొట్టాను. దేవరకొండలో మిగిలిన చల్లటి మిర్చీలు తిన్నాం. నేను ఊరుకున్నాను. వానికి గుట్టల సరదా పట్టింది, పొద్దున లేచి పోతే ముప్పావు గంటలో అచ్చంపేట చేరతాం కదా అనుకున్నాను.

అప్పుడు వాడు ఫోన్ పట్టుకుని, సిగ్నల్ లేదంటూ పెద్ద బండ ఒకటి ఎక్కాడు. మావాళ్లు ఫోన్‌లో సిగ్నల్ తక్కువున్న కొద్దీ గొంతు పెంచుతారు. ఫోన్ అందుకోలేనిది తాము అందుకుంటామని నమ్మకం.

"హలో లింగయ్య బావా! ఇనవడుతుందా? ఫికర్ జెయ్యకు! అక్కను గుట్ట మీద ఆపిన!"

లింగయ్య అంటే మా వియ్యంకుడు. సంధ్య మామ. నేనూ తిరుమలా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"పొద్దుగాల వీళ్లు లేవకముందే బట్ట పట్టుకొని నేనొస్త! తొమ్మిదింటికి తొట్టెల నేనే కడ్త! పిల్లను నేనే ఏస్త! మల్ల ఎనకకొచ్చి పదకొండింటికి అక్కను తోల్కొస్త! పని అయిపోయినంకనే! ... ఆఁ బావా, నాకు తెల్వదా! బొట్టు లేని మనిషి ముంగట నిలవడితె నలుగురు నాలుగు మాటలంటరు!"

ఎదురుగా ఉన్న గుట్ట కూడా "అంటరు" అంది.

 మంటలో కట్టె చిటపటమనడం ఒక్కటే వినబడింది. పసుపు నీళ్లలో ముంచి ఆరేసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆ బట్ట నా ఒడిలోనే మూటలో ఉంది. నేను నేసిన బట్ట శుభానికి పనికొస్తుందట. నేసిన చెయ్యి మాత్రం పనికిరాదట. సంధ్యను కన్నప్పుడు ఈ చెయ్యి పనికొచ్చింది. ఆయన పోయినాక వీనికి అప్పుడప్పుడు ఇంత అన్నం పెట్టినప్పుడూ పనికొచ్చింది.

తిరుమల మంటలోంచి సగం కాలిన కట్టె అందుకుని లేచింది.

"వదినె, నన్ను ఆపకు. ఇయ్యాల గీ మనిషి నెత్తి మీద సిగ్నల్ ఎన్ని గీతలొస్తయో సూస్త."

చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. "ఇప్పుడొద్దు తిరుమలా. బండి తాళం వాని జేబుల ఉంది. చీకటి పడ్డది. పొద్దుగాల గాని బస్సు లేదు."

"మరి ఏం జేద్దాం?"

"పండుకుందాం. మూట నా తలకింద ఉంటది. తల నా మెడ మీద ఉంటది. ఎట్ల తీస్కపోతడో సూస్త."

వాడు బండ దిగి వచ్చాడు. గొంతులో బెల్లం కలుపుకుని వచ్చాడు.

"అక్కా, గా బట్ట మూట జర ఇటియ్యి. వ్యానుల పెడ్త, ఈడ మట్టి అంటుకుంటది."

"వద్దు తమ్మీ. నాకు తలకింద మెత్తగుంటది."

"మెత్తగ కావాల్నంటె నా తువ్వాల ఇస్త గదా."

"నీ తువ్వాలకు గూడ గంజి పెట్టినవేమో బిడ్డా."

 ముగ్గురం గుడారంలో దూరాం. కదిలితే గోడలు కిర్రుమన్నాయి. నేను కళ్లు మూసుకున్నాను గానీ నిద్ర పోలేదు.

నడిజాము దాటినాక నా ముక్కు మీద చుక్క పడింది. తుడుచుకుంటే జిగటగా ఉంది. నాలుకతో చూశాను. జొన్న గంజి.

అద్దంలాంటి ఆకాశం పగిలింది. ఎంత వానో! గుడారం మొదట మెత్తబడింది. తర్వాత మోకాళ్ల నొప్పులున్న ముసలాయన పీట మీద కూర్చున్నట్టు మెల్లమెల్లగా మా మీద కూర్చుంది. పైనుంచి గంజి, కింద నుంచి బురద, మధ్యలో మేము. లేద్దామంటే తడిబట్ట ఒంటికి చుట్టుకుని లేవనివ్వడం లేదు. ఎంతసేపు కొట్టుకున్నామో గానీ, మెల్లగా వాన తగ్గింది.

"కళాపోషణ కండ్లల్లకు కారుతాంది" అంది తిరుమల చీకట్లో.

అప్పుడు వాడు విసుక్కున్నాడు. "ఊకో తిరుమలా. నా తల నేనే తుడుసుకుంట."

"నీ తల నేనెందుకు తుడుస్త? నేను గీడ వదినె పక్కకున్న."

 ఆ మాట అయీ అవకముందే, గుడారం బట్ట మీద నుంచి ఏదో వాని తలను మళ్లీ సర్రున నాకింది. గరగరా శబ్దం. పెద్ద శ్వాస. బట్ట అంచు ఎత్తి చూస్తే, చీకటి కంటే నల్లగా ఒక కొండ.

"ఎలుగుబంటీ!"

ఆ కేక వేసి ఎలుగుబంటిని తరిమిన వీరుడు ఏం చేశాడో చెబుతాను. మా ఇద్దరి మీద నుంచి దూకాడు. వ్యానులోకి దూరాడు. తలుపులు లోపలి నుంచి వేసుకున్నాడు. మేము పడుతూ లేస్తూ పోయి తలుపు మీద బాదాం.

"ఎవరది?" అన్నాడు లోపలి నుంచి.

"ఎలుగుబంటి అయితె తలుపు కొట్టి వస్తదా! తియ్యవయ్యా!" అని అరిచింది తిరుమల.

తీశాడు. ఎక్కి కూర్చున్నాక చేతులు తడుముకున్నాను. మూట లేదు. గుడారంలోనే ఉండిపోయింది.

దిగబోతే ఇద్దరూ పట్టుకున్నారు. నేను కొట్టాను, తిట్టాను, ఏడ్చాను. బయట బట్ట పర్రున చిరగడం, తర్వాత నమలడం వినబడుతూనే ఉంది. నా మనవరాలి బట్టను అడవి జంతువు తింటుంటే కిటికీ అద్దం వెనక కూర్చుని వినడం ఎట్లా ఉంటుందో నేను రాయలేను. తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. తొమ్మిదింటికి తాను కట్టాల్సిన బట్ట కూడా అదే కదా.

తెల్లవారింది. అద్దం తుడిచి చూశాం.

కూలిపడిన గుడారం పక్కన ఒక బర్రె పడుకుని ఉంది. మంచి కొమ్ముల బర్రె. నోటి పక్క నుంచి జానెడు గుడారం వేలాడుతుండగా కళ్లు సగం మూసుకుని నెమరు వేస్తోంది. గంజి పెట్టిన బట్టను పశువులు వదలవని మగ్గం ఉన్న ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆరేసిన నూలు దగ్గరికి ఆవు రాకుండా కాపలా కూర్చునే మేం పెరిగాం. నిండా గంజి పెట్టిన ఇల్లును అడవిలో నిలబెట్టి రమ్మన్నాక అది రాకుండా ఎట్లా ఉంటుంది?

నేను దిగి పరుగెత్తాను. నా మూట బర్రె ముందు కాళ్ల దగ్గర ముడి ఊడి, కవరు చిరిగి ఉంది. బట్ట మీద ఒక మూల బర్రె ముక్కు తడి ఉంది. అంతే. వాసన చూసి వదిలేసింది. ఏడుసార్లు ఉతికిన బట్టలో దానికి తినడానికేమీ దొరకలేదు. ఒక్క పోగు తెగలేదు. దాన్ని గుండెకు పెట్టుకుని అక్కడే బురదలో కూర్చున్నాను.

"రాణీ! ఓ రాణీ!" అని పిలుస్తూ కట్టె పట్టుకుని ఒక ముసలామె బాట మీద వచ్చింది. కింది పల్లె నాగులమ్మ. వానకు కొట్టం కూలి బర్రె తప్పించుకుందట. ఆమె ముందు బర్రెను చూసింది, తర్వాత మమ్మల్ని చూసింది. ఒంటి మీద గంజి ఆరి మేము ముగ్గురం బిగుసుకుపోయి ఉన్నాం. నా కొంగు గాలికి కదలక రేకులా నిలబడింది. మా తమ్ముని జుట్టు రెండు పక్కలా పైకి లేచి, మా ముగ్గురిలో బర్రెకు చుట్టం ఎవరో చూడగానే తెలిసేటట్టుంది.

"ఎవ్వలు మీరు? నా రాణి నోట్ల గా గుడ్డేంది?"

"నీ బర్రెనే మా గుడారం తిన్నది. తప్పు నీదే" అన్నాడు మా తమ్ముడు.

"గంజివెట్టి మూతికాడ పెడ్తె తినదా! అన్నం వడ్డించి తిన్నవని తిడ్తవా? గా గుడ్డ పేగులకు సుట్టుకుంటె నా రాణి ఏం గావాలె? అది పేడ ఏసేదాక మీల ఒక్కలు కదలొద్దు!"

వాడు గడియారం చూశాడు. ఆరున్నర. "అవ్వా, నాకు తొమ్మిదింటికి అర్జంటు పనుంది!"

"ఏం పని తమ్మీ? మనం పదకొండింటికి గదా పోయేది?" అన్నాను.

వాని నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. గంజికి కాదు.

నేను నాగులమ్మను పక్కకు పిలిచి, బట్ట చూపించి, రాత్రి బండ మీద నుంచి విన్నది విన్నట్టు చెప్పాను. ఆమె నా నుదురు చూసింది. ఆమె నుదురు కూడా నాలాగే ఖాళీగా ఉంది.

"నా మనవని తొట్టెలప్పుడు నన్ను గూడ పొయ్యికాడ్నే ఉంచిండ్రు చెల్లె" అంది.  కట్టె నేలకు కొట్టి తిరిగొచ్చింది.

"గుడారం నేసినోడు ఎవడు?"

తిరుమల వెంటనే మొగుణ్ని చూపించింది.

"నువ్వుండాలె. ఆడోళ్లు పోవచ్చు. తాళంచెవి ఇటియ్యి."

"అవ్వా, నా మాటిను..."

"ఇటియ్యి!"

తాళంచెవి ఆమె కొంగు ముడిలోకి పోయింది. పోతూపోతూ ఆమెను అడిగాను, బర్రె ఎప్పటికి పేడ వేస్తుందని. "పొద్దుగాల ఏసేదే. గని నాకు కండ్లు సరిగ కనవడయి, పగటాల దాక చూస్తనే ఉంట" అని మెల్లగా నవ్వింది.

సకినాల డబ్బా తిరుమల నెత్తి మీద, మూట నా చంకలో. రోడ్డుకు నడిచి వచ్చి దేవరకొండ నుంచి అచ్చంపేట పోయే బస్సు ఎక్కాం. కండక్టరమ్మ ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కోసం ఆధార్ కార్డు అడిగింది. ఫొటో చూసింది, నన్ను చూసింది.

"ఫొటోల వెంట్రుకలు పండుకొని ఉన్నయి గదమ్మా. ఇప్పుడు లేసి నిలవడ్డయి."

"రాత్రి మస్తు కోపమొచ్చింది బిడ్డా" అన్నాను.

ఎనిమిదింబావుకు అచ్చంపేటలో ఇంటి ముందు దిగాం. వియ్యపురాలు కౌసల్య ఎదురొచ్చి, మా అవతారం చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో వదినె! రాత్రే వస్తరనుకుంటి, గిదేంది?" అంటూ వేడినీళ్లు తోడింది. పనిలో పని, తిరుమల స్నానాల గది గుమ్మంలో నిలబడి మొత్తం కథ ఆమె చెవిలో వేసింది.

లింగయ్య మాత్రం నన్ను చూసి, నా వెనక చూసి, రోడ్డు చివర దాకా చూశాడు.

"నర్సు ఏడి?"

"గుట్ట మీద ఆగిండు అన్నా. పని అయిపోయినంక వస్తడు."

ఆయన కొబ్బరికాయలు తెస్తానని లోపలికి పోయాడు.

తొమ్మిదయింది. చుట్టాలు గుమిగూడారు. తొట్టెల వేలాడదీశారు. లింగయ్య దగ్గాడు. "నర్సు కోసం జర సేపు సూద్దామా... కట్టాలె గదా ఎవరన్న..."

"ఎవరన్న ఏంది?" అంది కౌసల్య, ఇల్లంతా వినబడేటట్టు. "నేసినామె గీడ నిలవడి ఉంటె, గుట్ట మీద ఉన్నోన్ని సూద్దామంటరేంది? వదినె, రా. కట్టు."

ఎవరూ నాలుగు మాటలు అనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. వెనక ఎవరో ముసలామె, "బట్ట మంచిగ నేసినవ్ బిడ్డా" అంది. దాన్ని కూడా మాట కిందే లెక్కేస్తే ఒకటి.

నేను కట్టాను. తెగిన పోగులు అతికేటప్పుడు వేసే ముడే వేశాను. సంధ్య నా చేతుల్లో పిల్లను పెట్టింది. పడుకోబెట్టగానే అది ఒళ్లు విరుచుకుని, బట్టను పిడికిట్లో పట్టుకుని నిద్రపోయింది. తిరుమల ముక్కు చీదింది. నేను ఏడవలేదని రాయాలని ఉంది గానీ, తిరుమల చదివితే ఊరుకోదు.

మూడింటికి, విస్తళ్లు ఎత్తేశాక, గుమ్మంలో మా తమ్ముడు కనబడ్డాడు. జుట్టు ఇంకా లేచే ఉంది. మోచేతుల దాకా పేడ. నాగులమ్మ వాని చేత కూలిన కొట్టం మళ్లీ నిలబెట్టించిందట. గుంజలతో.

"బర్రెకు ఎట్లుంది తమ్మీ?" అన్నాను.

"మంచిగుంది" అన్నాడు నేల చూస్తూ. "పన్నెండింటికి... అయింది."

ఇల్లంతా పగలబడి నవ్వింది. లింగయ్య ఒక్కడు కొబ్బరికాయ పీచు తీస్తూ చాలా బిజీగా ఉన్నాడు. మా తమ్ముడు మెల్లగా తొట్టెల వైపు ఒక అడుగు వేశాడు. కౌసల్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు అన్నా. ఆడ దూరంగ నిలవడు. స్నానం జేసి, పిల్ల లేసినంక, పని మొత్తం అయిపోయినంక అప్పుడు రా."

వాడు నా వైపు చూశాడు. నేను తొట్టెల ఊపుతూనే ఉన్నాను.

బర్రె తినగా మిగిలిన గుడారం ముక్క మూరెడు ఉంటుంది. నాగులమ్మ ఉతికి వాని చేతనే పంపింది. ఇప్పుడు మా ఇంట్లో పొయ్యి మీద గిన్నెలు దించడానికి మసిగుడ్డగా వాడుతున్నాను. వాడు చాయ్‌కి వచ్చినప్పుడల్లా ఆ గుడ్డతోనే గిన్నె దించి వాని ముందు పోస్తాను. ఊరంతా చెప్పే ఎలుగుబంటి కథ మా ఇంట్లో మాత్రం వాడు ఇంతవరకు ఎత్తలేదు.